బండికి దగ్గొచ్చింది

వంటింట్లో మసిలే మనకు చెవులే సగం కళ్ళు. పోపులో ఆవాల చిటపట తగ్గిందంటే కరివేపాకు వేసే వేళైందని చూడకుండానే తెలుస్తుంది. పాలు పొంగబోయే ముందు గిన్నె చేసే గుసగుస పక్కగదిలో ఉన్నా వినిపిస్తుంది. కొత్త కుండ కొనేటప్పుడు వేలి కణుపుతో కొట్టి చూస్తాం. ఖంగుమంటేనే బేరం, బోలుగా పలికితే ఎక్కడో పగులుందని పక్కన పెట్టేస్తాం. ఇంత విద్య చేతిలో ఉండీ, ఇంటి ముందున్న బండి ఇంజను వింతగా మోగితే మాత్రం "మగవాళ్ళ సంగతి, మనకెందుకు" అని లోపలికి వచ్చేస్తాం. ఎందుకండీ అలా? పొయ్యి మీద గిన్నెదీ, బానెట్ కింద ఇంజనుదీ ఒకటే భాష అని నాకు పోయిన వేసవిలో తెలిసింది.

మాది నూజివీడు పక్కన చిన్న పల్లె. ఉగాది వెళ్ళిందంటే మా వైపు ఇళ్ళల్లో రాత్రికీ పగలుకీ తేడా ఉండదు. పగలంతా నిచ్చెనలూ, చిక్కాలూ, జీడి పడి పొక్కిన చేతులూ. సాయంత్రానికి కాయలు ఏరి, ట్రేలకెత్తి, పికప్ వ్యానులో సర్ది, తెల్లవారుజామున ఆగిరిపల్లి మీదుగా నున్న మార్కెట్‌కు పంపడం. బంగినపల్లీ, కలెక్టరు కాయా కాస్త ఓపిక పడతాయి గానీ, రసాలున్నాయే, మాగడం మొదలుపెడితే ఎవరి మాటా వినవు. అంచేత సీజనులో బండి కూడా మాకు ఇంట్లో మనిషి కిందే లెక్క.

ఆ మనిషికి జబ్బు చేసింది. తెల్లవారుజామున నాలుగింటికి డ్రైవరు అబ్బాయి తాళం తిప్పగానే రోజూ ఉండే కటకటతోపాటు కొత్తగా "టిక్కు టిక్కు" మని, మధ్యమధ్య "ఫుస్సు" మని ఓ చప్పుడు. ఆ అబ్బాయేమో లోపల పాటలు పెట్టుకుని కూర్చుంటాడు. మావారు లెక్కల పుస్తకంతో అరుగు మీదుంటారు. కాఫీ గ్లాసు అందివ్వడానికి బండి ముక్కు దగ్గరకు వెళ్ళేది నేనొక్కదాన్నే. మంచం మీంచి మా అత్తగారు కూడా విన్నారు. "అమ్మాయ్! ఆ బండికి దగ్గు పట్టినట్టుందే," అన్నారు.

మావారితో చెప్పాను. "డీజిల్ ఇంజనన్నాక మోగదటే? నీ మిక్సీ మోగడం లేదూ?" అన్నారు. ఆయన మాటా పూర్తిగా కాదనడానికి లేదు లెండి. డీజిల్ ఇంజనులో పెట్రోలు బండికి మల్లే నిప్పురవ్వ పుట్టించే ప్లగ్గు ఉండదు. గాలిని గట్టిగా అదిమితే పుట్టే వేడికే నూనె భగ్గుమంటుంది. అందుకే దాని గొంతు పుట్టుకతోనే కటువు. చలువగా ఉన్నప్పుడు మరీను. కానీ రోజూ వినే గొంతులో కొత్త జీర వస్తే ఆడదానికి తెలియదా?

మొత్తానికి నా పోరు పడలేక బండిని నూజివీడు షెడ్డుకు పంపారు. అక్కడికి చేరేసరికి చప్పుడు లేదు! జ్వరమని పిల్లాణ్ణి ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తితే, వాడు అక్కడ కేరింతలు కొట్టినట్టన్న మాట. మెకానిక్ ట్యాపెట్లు సరిచేసి డబ్బు పుచ్చుకున్నాడు. మర్నాడు నాలుగింటికి మళ్ళీ టిక్కు టిక్కు. ఇంకో మెకానిక్ విని, "బోరుకొచ్చిందండీ, ఇంజను దించాల్సిందే," అన్నాడు. అంటే యాభై వేలకు పైమాట. కాయ చెట్టుమీద ఉండగా పది రోజులు బండి షెడ్డులో!

ఇక్కడే ఇంకో సంగతి చెప్పాలి. మా డ్రైవరు అబ్బాయి బుద్ధిమంతుడు. పెళ్ళయి ఏడాది, భార్య నీళ్ళాడే రోజులు. మార్కెట్ నుంచి తిరిగొచ్చిన ప్రతిసారీ, "అమ్మగారూ, తలనొప్పి మాత్ర ఉంటే ఇప్పించండి," అంటున్నాడు. కళ్ళు ఎర్రగా ఉంటున్నాయి, అన్నం సయించడం లేదు. నిద్ర చాలక అనుకున్నాం అందరం. ఓ రాత్రి మావారు గొంతు తగ్గించి, "వీడికి మందు అలవాటైనట్టుందోయ్. సీజను కాగానే మాన్పించెయ్యాలి," అన్నారు. నాకు మనసొప్పలేదు. అలాగని కాదని చెప్పడానికి నా దగ్గర రుజువూ లేదు.

మా బంధువుల ఊళ్ళో, విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్ళు పనిచేసి వచ్చిన పెద్దాయన ఒకాయన ఉన్నాడు. మర్నాడు తెల్లవారుజామున ఆ చప్పుడును సెల్‌ఫోనులో పట్టి ఆయనకు పంపించాను. ఆయన ఫోన్ చేసి "ఏం చప్పుడు?" అని అడగలేదు చూడండీ, "ఎప్పుడు?" అని అడిగాడు.

"ఇంజను రేస్ చేస్తే చప్పుడు కూడా పరుగెడుతోందా అమ్మా?" అన్నాడు. పరుగెడుతోందన్నాను. పరుగెడితే అది ఇంజను తాలూకుది. బండి కదిలినప్పుడే వచ్చి, చక్రాల వేగాన్నిబట్టి మారితే చక్రాలదో, వాటి బేరింగులదో అట. "క్లచ్చి తొక్కితే మారుతోందా?" మారడం లేదు. మారితే క్లచ్చి బేరింగును అనుమానించాలి. "పొద్దున్నా, వాన పడ్డప్పుడూ కీచుమంటోందా?" లేదు. ఆ కీచు గొంతు ఫ్యాను బెల్టుది. "బరువెక్కితే లోపల్నుంచి దభీదభీమని రోకటిపోటులా వస్తోందా?" అదీ లేదు. అది గనక వస్తే, లేదా చప్పుడుతోపాటు ఆయిలు దీపం వెలిగితే, అడుగు ముందుకు వెయ్యకుండా ఇంజను ఆపెయ్యాలిట. "పోనీ వేడెక్కాక ఉంటోందా, పోతోందా?" అయిదారు మైళ్ళలో పోతోందన్నాను.

ఒక్క క్షణం ఆగి, "మీ డ్రైవరుకు తలనొప్పి గానీ వస్తోందా అమ్మా?" అన్నాడు.

నాకు ఒళ్ళు జలదరించింది. ఆ మాట నేనాయనతో అనలేదే!

మర్నాడు నాలుగు కాకముందే వచ్చాడు. తాను చెప్పేదాకా తాళం ఎవరూ తిప్పకూడదన్నాడు. చల్లటి ఇంజను స్టార్ట్ చేయించి, ఓ రబ్బరు గొట్టం ముక్క ఒక కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను ఇంజను పక్కన మెల్లగా తిప్పాడు. నాకు వెంటనే లానెక్ అనే ఫ్రెంచి డాక్టరు కథ గుర్తొచ్చింది. 1816లో గుండెజబ్బుతో వచ్చిన ఓ యువతి ఛాతీ మీద చెవి ఆనించడం మర్యాద కాదని, కాగితాల బొత్తిని గొట్టంలా చుట్టి విన్నాడాయన. అలా పుట్టిందే స్టెతస్కోపు. లోపలి ఇనుము మోగుతుంటే పొడుగాటి స్క్రూడ్రైవరు పిడిని చెవి దగ్గర పెట్టుకుని వింటారట. గాలి కారుతుంటే రబ్బరు గొట్టమే మేలట.

ఒకచోట ఆగి, టార్చిలైటు వేసి చూపించాడు. ఇంజను నుంచి పొగను సైలెన్సరు గొట్టంలోకి పంపే మానిఫోల్డు అంచున నల్లటి మసి చార. బిగించే స్టడ్డు ఒకటి విరిగింది, ప్యాకింగు కాలిపోయింది. చల్లగా ఉన్నప్పుడు ఆ సందులోంచి పొగ టిక్కు టిక్కుమని తన్నుకొస్తుంది. వేడెక్కితే ఇనుము వ్యాకోచించి సందు చాలావరకు మూసుకుంటుంది, చప్పుడు అణిగిపోతుంది. మన కుక్కరు లేదూ? గ్యాస్కెట్టు పాతబడితే మొదట పక్కనుంచి ఉస్సుమని కారి, ఆవిరి బలం పుంజుకోగానే సర్దుకుంటుంది. అచ్చం అదే!

"చప్పుడు పోయిందంటే సందు పూర్తిగా పూడిందని కాదమ్మా," అన్నాడు పెద్దాయన. మార్కెట్ గేటు దగ్గర బళ్ళ వరుసలో చీకట్లో గంటల తరబడి నిలబడాలి. మా అబ్బాయి దోమలకని అద్దాలు బిగించి, ఇంజను ఆపకుండా, బ్లోయరు పెట్టుకుని కునుకు తీస్తున్నాడు. బండి కదలకపోతే పొగను తోసేసే గాలి ఉండదు. బానెట్ కింద చేరిన పొగ సందుల్లోంచి వాడి ముక్కులోకే పోతోంది. పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది. దానికి రంగూ లేదు, వాసనా లేదు. రక్తంలో ప్రాణవాయువు కూర్చోవలసిన పీట మీద అది ఎక్కి కూర్చుంటుంది. డీజిల్ పొగలో అది పెట్రోలు పొగలో కంటే తక్కువే, కానీ ఆ పొగే కళ్ళు మండిస్తుంది, తల పగలగొడుతుంది, కడుపులో తిప్పుతుంది. నిద్ర మత్తుకు ఇది తోడైతే స్టీరింగు దగ్గర కూర్చున్నవాడి గతేమిటి?

మావారు అబ్బాయి వంక చూడలేక చెట్ల వంక చూశారు. ఆ మధ్యాహ్నానికల్లా విరిగిన స్టడ్డు తీయించి, కొత్త ప్యాకింగు వేయించారు. అయిన ఖర్చు రెండు వేల లోపే. అబ్బాయిని ఆస్పత్రిలో చూపించి, రెండు రోజులు విశ్రాంతి ఇచ్చారు. గేటు దగ్గర ఆగితే ఇంజను ఆపి అద్దాలు దించుకోమని, దోమలకు వేరే మందు తానే కొనిస్తానని కూడా చెప్పారు. ఇక ఆ అబ్బాయి మాత్ర అడగలేదు. మాన్పించే ఊసూ రాలేదు. శ్రావణంలో కూతురు పుట్టిందని మిఠాయి తెచ్చి, ముందు నా చేతిలోనే పెట్టాడు.

నాకర్థమైంది ఒకటే. ఇనుము గానీ మనిషి గానీ ఊరికే మొరపెట్టుకోరు. ఏం బాధ అని అడిగితే తలో పేరూ చెబుతారు. ఎప్పుడు అని అడిగితేనే అసలు సంగతి బయటపడుతుంది. ఆ "ఎప్పుడు" తెలిసేది ఆ వేళకు దగ్గరున్నవాళ్ళకే. తెల్లవారుజామున వాకిట్లో ఉండేది ఎవరో మీకు నేను చెప్పాలా? మీ ఇంటి బండి గొంతు మారితే ఏ వేళ, ఏ వేగంలో, చల్లగానా వేడిగానా అని కాలెండరు మీద పాలలెక్క పక్కనే రాసిపెట్టండి. సెల్‌ఫోనులో పట్టి ఉంచండి. ఎవరైనా రోజూ ఒకే వేళకు తలనొప్పి అంటే దాన్నీ ఆ పక్కనే రాయండి.

ఇదంతా అరుగు మీదుంచి చూసిన మా అత్తగారు మాత్రం ఓ నిట్టూర్పు విడిచి, "బండి దగ్గు తగ్గింది సరే. మీ మావగారు ఆర్నెల్లనుంచి దగ్గుతున్నారు. ఆ గొట్టమేదో పట్టుకుని పెద్దాయన్ని ఇంకోసారి రమ్మనవే అమ్మాయ్," అన్నారు.