వేటకుక్కను కొనబోవు మిత్రునికి

అమెరికాలోని దక్షిణ డకోటా గడ్డిమైదానములలో ఫెజంట్ పక్షుల వేటకై కుక్కను పెంచదలచిన మిత్రుడొకడు పిల్ల వెలను గూర్చి మాత్రమే విచారించుట చూచి, ఈ నాలుగు మాటలు వ్రాయవలెనని తోచినది. జర్మన్ షార్ట్‌హెయిర్డ్ పాయింటర్ వంటి జాతులలో, పక్షి వాసన తగిలిన తక్షణమే శిలాప్రతిమవలె నిలిచిపోవు గుణము జన్మతః సంక్రమించునదే గాని కేవల శిక్షణచే పుట్టునది గాదు. కావున పిల్లకంటె ముందుగా దాని తల్లిదండ్రులను, వీలైనచో పొలములో పని చేయుచుండగా, చూడవలెను. ఆ తల్లిదండ్రులకు 24 మాసములు నిండిన పిమ్మట తీసిన ఎక్స్‌రేలనుబట్టి తుంటికీళ్ల స్థితిని నిర్ణయించు ఓ.ఎఫ్.ఏ. అను సంస్థవారి పత్రమును, 16 మాసములు దాటని కుక్కలలో ఘ్రాణశక్తిని, అన్వేషణోత్సాహమును, నీటియెడ నిర్భయత్వమును పరీక్షించు నావ్డా సంస్థవారి ఫలితములను అడిగినంతనే ముఖము చిట్లించు పెంపకందారును విడిచిపెట్టుటయే మేలు.

శిక్షకుని యెంపిక మరింత సున్నితమైనది. తుపాకి ధ్వనికి ఒకసారి బెదరిన కుక్కను మరల దారికి దెచ్చుట మిక్కిలి కష్టము. ఆ బెదురు తరచుగా మనుష్యుల తొందరపాటువలన కలుగునదే. కుక్క పక్షిని తరుముచు మైమరచియున్న వేళ, దూరమునుండి చిన్న చప్పుడుతో ఆరంభించి, దినదినమును కొంచెము కొంచెముగా దగ్గరకు వచ్చువాడు ఉత్తముడు. ఇంకను నేర్పని ఆజ్ఞకు విద్యుత్ పట్టీతో దండించువానికి, ఎంత పేరున్నను, నేనైతే నా కుక్కను అప్పగింపను. యజమానిని దరికి రానీయనివానికంటె, "వారాంతమున మీరును వచ్చి పగ్గము పట్టుకొనుడు" అని పిలుచువానినే ఎన్నుకొనుమని ఆ మిత్రునికి వ్రాసితిని.