చివరిసారి ఎప్పుడు?

సికింద్రాబాద్ దగ్గరి యాప్రాల్‌లో "మందు అలవాటుందా?" అని పేషెంటును అడిగితే నిజం బయటికి రాదు. మాజీ సైనికుల ఇళ్లలో క్యాంటీన్ రమ్ము అలవాటు కిందికి రాదు. కూలికెళ్లే ఇళ్లలో కల్లు మందే కాదు.

తుంటి విరిగి ఆపరేషనైన ఒక రిటైర్డ్ సుబేదారు, మర్నాటి రాత్రి దుప్పటి మీద లేని చీమల్ని ఏరడం మొదలుపెట్టారు. చేతులు వణుకు, ఒళ్లంతా చెమట, నాడి 120. రోజూ ఎంత తీసుకుంటారని అడిగితే ఆయన భార్య నొచ్చుకున్నారు. "మావారు తాగుబోతు కాదండీ. భోజనానికి ముందు రెండు పెగ్గులు, అంతే." ఆ ఇంట్లో పెగ్గంటే సగం స్టీలు గ్లాసని తర్వాత తేలింది. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషికి హఠాత్తుగా ఆపేస్తే వణుకు మొదటిరోజే మొదలవుతుంది, మతి తప్పడం రెండు మూడు రోజుల్లో. లోరాజెపామ్, బి1 విటమిన్ ఇంజెక్షన్లతో తేరుకున్నారు.

ఆవిడను తప్పుపట్టలేను, ఈ అయోమయం పాతదే. చరకసంహిత మదాత్యయానికి, అంటే తాగుడు తెచ్చే జబ్బుకి, ఒక అధ్యాయమే కేటాయించి, అక్కడే పద్ధతిగా తాగితే మేలనీ చెప్పింది. తాగుడు జబ్బేనని 1804లో పుస్తకం రాసిన థామస్ ట్రాటర్ బ్రిటిష్ నౌకాదళ వైద్యుడు. ఆ నౌకాదళమే 1970 దాకా నావికులకు రమ్ము రేషనిచ్చింది!

మన దగ్గర 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారా మీద తిరగబడ్డారు. వాళ్ల గొడవ పాపపుణ్యాల గురించి కాదు, కూలి డబ్బులు ఇంటికి రావట్లేదని. 1993లో సారా పోయింది, 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు, 1997లో అదీ పోయింది. హైదరాబాద్‌లో 2004లో మూసిన కల్లు దుకాణాలు 2014లో మళ్లీ తెరిచారు. నగరంలో కల్లు పేరుతో అమ్మేదాంట్లో అల్ప్రాజోలం, డైజీపామ్, క్లోరల్ హైడ్రేట్ కలుపుతుంటారు. చుట్టాలింటికెళ్లి రెండ్రోజులు కల్లు దొరక్క ఫిట్స్‌తో వచ్చిన ఒకామె కోడలు, "మందా? అబ్బే, మా అత్త అసలు ముట్టదు సార్. కల్లు తాగుతది, అంతే" అంది. 2020 లాక్‌డౌన్‌లో దుకాణాలన్నీ మూతపడగానే ఇలాంటివాళ్లు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి బారులు తీరారు.

అందుకే నేనిప్పుడు అలవాటు సంగతి అడగను, చివరిసారి ఎప్పుడు తాగారని అడుగుతాను. మొన్న ఒక సాఫ్ట్‌వేర్ కుర్రాడు "వీకెండ్ మాత్రమే సార్" అన్నాడు. ఆ రోజు బుధవారం. పక్కనున్న భార్య, "రాత్రి పదకొండింటికి సార్" అంది.