రాయబారం పద్యం, లేజర్ పడవ

డోన్‌లో పద్యనాటకం ఆడేవాడు పడవ పందేలకు పోవడమేంటని ఇప్పటికీ అడుగుతారు. చెరువులే ఎండిపోయే సీమ మనది. సైన్యంలో చేరి సికింద్రాబాద్ ఈఎంఈకి పోతే హుస్సేన్ సాగర్‌లో సెయిలింగ్ నేర్పినారు. సెలవు దొరికితే డోన్ రైలెక్కి వచ్చి కృష్ణుడి వేషం కట్టేవాణ్ణి.

ముందు పద్యం సంగతి. తిరుపతి వేంకట కవుల ‘పాండవోద్యోగ విజయాలు’లో రాయబారం సీనుకు జనం తెల్లవార్లూ కూర్చుంటారు. కొత్తవాడు మొదటి పాదంలోనే గొంతంతా ఖర్చుపెట్టేస్తాడు. నాలుగో పాదం చివర రాగం తీయాల్సినప్పుడు ఊపిరి మిగలదు. మా గురువు హార్మోనిస్టు. ఉత్పలమాలను ముందు రాగం లేకుండా, ఉత్త మాటల్లా చెప్పించేవాడు. అర్థం తెగే చోట పెన్సిల్‌తో గీత గీయించేవాడు. ఆ గీత దగ్గరే ముక్కుతో గాలి పీల్చు, భుజం కదలకూడదు. భుజం లేస్తే కిరీటం ఊగుతుంది, ముందు వరసకు తెలిసిపోతుంది. పీసపాటి నరసింహమూర్తి కృష్ణుణ్ణి, డి.వి. సుబ్బారావు హరిశ్చంద్రుణ్ణి వినేటప్పుడు రాగం వెంట పడొద్దు. ఊపిరి ఎక్కడ తీసుకున్నారో పట్టుకో.

ఇక పడవ సంగతి. లేజర్ అంటే నాలుగు మీటర్ల పైచిలుకు పడవ. ఒక్కడే మనిషి, ఒక్కటే తెరచాప. గాలికి నేరుగా ఎదురుపోలేదు. సుమారు 45 డిగ్రీలు పక్కకు పట్టి, అటొకసారి ఇటొకసారి టాక్ కొడుతూ ఎగబాకాలి. వానాకాలంలో పడమటి గాలి నెక్లెస్ రోడ్డు వైపు నుంచి విరిగి విరిగి వస్తుంది. నీళ్లమీద నల్లటి ముడతలు ఎక్కడ కదులుతుంటే అక్కడ గాలి ఉన్నట్టు. అది తాకకముందే పడవ అంచు మీద కూర్చుని నడుము బయటికి వాల్చాలి, హైకింగ్ అంటాం. తాకినాక వాలితే పడవ ఒరిగి వేగం పోతుంది. తొడలు మండుతాయి, మండనీ.

పందెంలో అసలు పని స్టార్ట్ దగ్గర. ఐదు నిమిషాల ముందు హారన్ మోగుతుంది. తొందరపడి స్టార్ట్ గీత దాటినవాడు వెనక్కిపోయి మళ్లీ రావాలి. నేను తొలి పతకం కొట్టిన రోజు అందరూ ముందుకు తోసుకుంటుంటే, షీట్, అంటే తెరచాపను లాగే తాడు, వదిలేసి తెరచాపను కొట్టుకోనిచ్చి గీత కిందనే నిలబడినాను. శ్రుతి కుదిరేదాకా వింగ్‌లో ఆగే అలవాటు నాకప్పటికే ఉంది. చివరి క్షణాల్లో షీట్ లాగితే పడవ ఒక్క ఉదుటున దూకింది. అట్లా నిలబెట్టడం మా కోచ్ నేర్పిందే. తెల్లవారుజామున నీళ్లమీద తేలే ఒక్క బోయ్ పక్కన పడవ కదలకుండా గంటల తరబడి సాధన చేయించేవాడు.

ఆ పతకం తెచ్చి గురువుకు చూపించినాను. ఆయన కళ్లకద్దుకుని, ఆ రాత్రి రాయబారం పద్యాలన్నీ అర శ్రుతి పెంచి వాయించినాడు. చివరి రాగం దాకా ఊపిరి నిలిచింది.