గోదారి గట్టున బెంగ తీర్చే పాట

రాజమండ్రి అనగానే సినిమా జనానికి లాంచీ గుర్తొస్తుంది, ఇసుకతిన్నెలు గుర్తొస్తాయి. 1964లో వచ్చిన ‘మూగమనసులు’లో గోదారినే ఒక పాత్రను చేసిన ఆదుర్తి సుబ్బారావుగారు ఈ ఊళ్ళో పుట్టినవారే. 1973లో బాపు-రమణలు ‘అందాల రాముడు’ కథనంతా లాంచీ ఎక్కించారు. వీళ్ళందరికంటే ఎంతో ముందు, 1936లోనే, నిడమర్తి సూరయ్యగారు ఇక్కడ దుర్గా సినీటోన్ అనే స్టూడియో పెట్టి ‘సంపూర్ణ రామాయణం’ తీశారు. ఆంధ్రదేశంలో మొదటి స్టూడియో అదే!

ఇదంతా మీకు తెలిసిన రాజమండ్రి. 2015లో ప్రభుత్వం వారు పాతపేరు రాజమహేంద్రవరం మళ్ళీ పెట్టారుగానీ, బస్సులో టిక్కెట్టు అడిగేవాడి నోట ఇప్పటికీ వచ్చేది రాజమండ్రే.

ఈసారి నేను వెళ్ళింది షూటింగు చూడ్డానికి కాదు. సినిమాని వదిలి ఈ ఊరికి వచ్చేసిన ఒక గాయకుడి కోసం. తెలుగు తెరకి తొలి నేపథ్య గాయకుడని పేరున్న మనిషి, మద్రాసుకి ఒక నమస్కారం పెట్టి ఇక్కడ హాస్టలు వార్డెనుగా కుదురుకున్నారు. ఆ తరవాత మళ్ళీ గొంతు విప్పి, సినిమాల్లో ఉన్నప్పుడు కూడా చేరనన్ని ఇళ్ళకి చేరారు. ఆయనే ఎం.ఎస్. రామారావు.

రైల్లో పవర్ పాప్!

అన్నట్టు, రామారావుగారి దగ్గరికి వెళ్ళేముందు రైల్లో జరిగిన ఒక సంభాషణ చెప్పాలి. నా ఎదురు సీట్లో ఇంజనీరింగు చదివే కుర్రాడొకడు. చెవుల్లో వైర్లు, కాలు ఆగకుండా తాళం వేస్తోంది.

“ఏం వింటున్నావు తమ్ముడూ?”

“పవర్ పాపండీ. పాటేమో హుషారుగా ఉంటాదండి. లోపలంతా ఏడుపేనండి.”

ఆ బృందం ఆల్బాలన్నీ టెన్షన్ మీదేనట. నిద్ర పట్టకపోవడం, నలుగురిలో మాట పెగలకపోవడం, అద్దంలో తన మొహం తనకే నచ్చకపోవడం... చివరికి ‘నేనింతే, ఫరవాలేదు’ అనుకోవడం. “నీకూ ఉందా టెన్షను?” అన్నాను. “ఎవరికి లేదండీ!” అని నవ్వి, కిటికీలోంచి బయటికి చూశాడు. కొవ్వూరు దాటాం. కింద గోదారి మొదలైంది.

పవర్ పాప్ అనే మాటని 1967లో ‘ది హూ’ బృందం గిటారిస్టు పీట్ టౌన్‌షెండ్ తమ పాటల గురించి చెబుతూ వాడాడు. బీటిల్స్ బాణీల్లోని తీపి, రాక్ గిటారు జోరు, మూడు నిమిషాల పాట, ఒకసారి వింటే నోటికొచ్చే పల్లవి. ఇంతే సరుకు. ఈ దారిలో అందరూ తలచుకునే బృందం ‘బిగ్ స్టార్’. అమెరికాలో మిసిసిపీ ఏటిగట్టున ఉన్న మెంఫిస్ వాళ్ళది. 1972లో ‘నంబర్ వన్ రికార్డ్’ అని ధీమాగా పేరుపెట్టి మొదటి ఆల్బం విడుదల చేశారు. మెచ్చుకున్నవాళ్ళు బాగానే మెచ్చుకున్నారు. ఏం లాభం? కొందామని వెళ్తే దుకాణాల్లో రికార్డే దొరకలేదు! బృందంలో ముఖ్యుడైన క్రిస్ బెల్ ఆ దెబ్బకి కుంగిపోయి ఆ ఏడాదే బయటికొచ్చేశాడు. తరవాత తండ్రిగారి హోటలు వ్యాపారంలో పనిచేస్తూ, ఒంటరిగా తన భయాల మీద, భక్తి మీద పాటలు కట్టుకున్నాడు. 1978 డిసెంబరులో కారు ప్రమాదంలో పోయాడు. అప్పటికి అతనికి 27 ఏళ్ళు.

ఈ కథ మనసులో పెట్టుకుని రాజమండ్రి స్టేషనులో దిగితే, రామారావుగారి కథ నాకు కొత్తగా వినబడింది.

మద్రాసు నుంచి మన గట్టుకి

రామారావుగారు తెనాలి దగ్గర మోపర్రులో 1921లో పుట్టారు. 1944లో వై.వి.రావుగారు తీసిన ‘తహసీల్దార్’లో పాడారు. అంతవరకూ మన సినిమాల్లో చాలావరకు ఎవరి పాట వాళ్ళు పాడుకోవలసిందే. పాటొస్తేనే వేషం! ఒకరు పెదవులాడిస్తే మరొకరు పాడే పద్ధతికి మన దగ్గర తలుపు తీసిన తొలివారిలో ఈయన ఒకరు. 1951లో ‘దీక్ష’ కోసం ఆత్రేయగారు రాసిన తొలి సినిమా పాటని పాడిందీ ఈయనే. ఈయన గొంతులో గమకాల ఆర్భాటం ఉండదు. పక్కింటి పెద్దాయన అరుగుమీద కూచుని తన కష్టం తనే చెప్పుకుంటున్నట్టుంటుంది.

కానీ కాలం ఘంటసాల వారిది. ఆ గంభీరమైన గొంతు తెరనేలుతుంటే మిగతా గొంతులకి చోటు తగ్గింది. ఇల్లు గడవడం కష్టమైంది. 1960ల తొలిరోజుల్లో రామారావుగారు మద్రాసు వదిలి రాజమండ్రి చేరారు. ఒక గురుకులంలో హాస్టలు వార్డెను పని దొరికింది. రికార్డు మీద పేరు అచ్చయిన మనిషికి ఇక పిల్లల హాజరూ, భోజనాల గంటా చూసుకునే ఉద్యోగం!

అప్పటి రాజమండ్రిని ఒకసారి ఊహించుకోండి. ఇప్పుడు మనం బస్సులో దాటే రోడ్డు-రైలు వంతెన లేదు. అది వచ్చింది 1974లో. 1900 నాటి హేవలాక్ వంతెన మీద రైలు వెళ్ళేది. మిగతా జనం పడవో లాంచీయో ఎక్కాలి. అవతలి ఒడ్డునుంచి రావలసినవాళ్ళు వచ్చేదాకా రేవులో నిలబడి నీళ్ళవైపు చూడ్డం ఈ ఊరికి అలవాటు.

రామారావుగారికీ అలా ఎదురుచూడవలసి వచ్చింది. 1971లో పాకిస్తానుతో యుద్ధం. వాయుసేనలో పైలటుగా ఉన్న పెద్దకొడుకు జాడ తెలియడం లేదని కబురు. ఆయన జీవితం గురించి చెప్పేవారంతా ఈ ఘట్టం దగ్గర ఆగుతారు. తండ్రి హనుమంతుణ్ణి పట్టుకున్నారు. కొడుకు క్షేమంగా తిరిగొచ్చాడు. ఆ తరవాతి రెండు మూడేళ్ళలో తులసీదాసు హనుమాన్ చాలీసాని తెలుగు చేశారు, సుందరకాండని పాటగా రాశారు. నన్నయగారు భారతాన్ని తెలుగు చేసిన ఊరు కదండీ ఇది! వెయ్యేళ్ళ తరవాత ఒక హాస్టలు వార్డెను అదే ఊళ్ళో మరో సంస్కృత కావ్యంలోని కాండని, ఆడవాళ్ళు వంటింట్లో పాడుకునే తేలిక తెలుగులోకి తెచ్చారు. ‘సుందరదాసు’ అనే బిరుదు ఆయన పేరుకి అతుక్కుపోయింది. క్యాసెట్ల కాలం వచ్చేసరికి ఆ గొంతు వినని తెలుగు వీధి లేదు.

రానివాళ్ళ సంగతేమిటి?

ఇక్కడే నాకొక ప్రశ్న. కొడుకు తిరిగొచ్చాడు కాబట్టి ఆ పాటకి మహిమ ఉందంటారు జనం. సంతోషమే. కానీ అదే యుద్ధంలో కనబడకుండా పోయి నేటికీ రానివాళ్ళున్నారు. వాళ్ళ తల్లులూ మొక్కుకునే ఉంటారు కదా! కోరిక తీరనివాళ్ళు కూడా ఈ పాట ఎందుకు వింటున్నారు?

జవాబు పుష్కరఘాట్ మెట్ల మీద దొరికింది. తెల్లవారుజామున పూలూ అరిటిదొప్పలూ అమ్మే ఒకావిడ, బుట్టపక్కన సెల్లుఫోను పెట్టుకుని ఈ సుందరకాండే వింటోంది. రోజూ వింటారా అమ్మా అన్నాను.

“రోజూనండి బాబుగారూ. మా అబ్బాయి మస్కట్ ఎల్లాడండి. ఫోను చేసి ఏడాది దాటిందండి.”

“విన్నందుకు ఏమైనా కబురొచ్చిందా?”

“లేదండి. కబురు రాలేదండి. ఇది వింటే కాళ్ళూ చేతులూ ఆడతాయండి. బుట్ట ఎత్తుకుని రాగలుగుతానండి.”

సుందరకాండని పండితుల నోట విన్నవారికి తెలుసు. అందులో లంక తగలబెట్టడం చివరివైపు వచ్చే సంగతి. అంతకుముందు ఉన్నదంతా బెంగే. సముద్రం దాటగల మనిషి తన బలం తనకే గుర్తులేక ఒడ్డున కూచుంటే జాంబవంతుడు గుర్తుచేయాల్సొచ్చింది. అది కిష్కింధకాండ ముగింపు. తీరా లంక చేరి ఇల్లిల్లూ వెతికినా సీత కనబడదు. ఇక వెనక్కి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను, చచ్చిపోనా అని హనుమంతుడంతటివాడు మథనపడతాడు. అశోకవనంలో సీతమ్మ ఆలోచనా ఆ దారినే పోతుంది. అక్కడ ఆగి, తనని తాను కూడదీసుకుని, ఇంకా వెతకని చోటొకటి ఉందని లేస్తాడాయన. రైల్లో కుర్రాడి బృందం ఆల్బాల్లో పాడేది ఇదే కదూ?

రామారావుగారు దీన్ని దాదాపు ఒకే వరసలో, చరణం తరవాత చరణం పాడుకుంటూ పోయారు. ఎక్కడా గొంతు చించుకోలేదు. వరస తేలిక కాబట్టి వినేవాడు రెండో చరణానికే గొంతు కలుపుతాడు. పవర్ పాప్ కిటుకూ అదేనండీ. భయం లోపల ఉంటుంది, బాణీ మాత్రం ఎవరైనా పాడుకునేలా ఉంటుంది. పాడుకుంటే బెంగ ఎగిరిపోతుందని నేననను. నిద్రలేని రాత్రులు వారాల తరబడి సాగితే డాక్టరు దగ్గరికి వెళ్ళవలసిందే. పాట చేసేది చిన్న పని. ఈ భయం నీ ఒక్కడిదే కాదని చెప్పి, లేచి బుట్ట ఎత్తుకునేదాకా పక్కన కూచుంటుంది.

రామారావుగారు 1992 ఏప్రిల్లో కన్నుమూశారు. క్రిస్ బెల్ ఒంటరిగా కట్టుకున్న పాటలన్నీ కలిపి ‘అయామ్ ద కాస్మోస్’ అనే ఆల్బంగా మొదటిసారి బజారుకొచ్చిందీ ఆ ఏడాదే. పోయిన పధ్నాలుగేళ్ళకి! మన రామారావుగారు ఆ విషయంలో అదృష్టవంతులు. తన పాట వీధి వీధినా మోగడం తన చెవులతో విన్నారు.

మీరు రాజమండ్రి వెళితే రోజ్‌మిల్కు తాగండి, దామెర్ల రామారావుగారి బొమ్మలు చూడండి, పాపికొండలకి టిక్కెట్టు కొనుక్కోండి. కాదనను. ఒక్క ఉదయం మాత్రం అయిదింటికే లేచి పుష్కరఘాట్‌కి నడవండి. 1997లో రైళ్ళు ఆగిపోయిన పాత వంతెన మంచులో లీలగా కనిపిస్తుంటుంది. ఏదో ఒక బుట్ట పక్కనుంచి ఆ గొంతు వినబడుతుంది. మెట్టుమీద కూచుని పూర్తిగా వినండి. లేచేటప్పుడు ఆవిడ దగ్గర రెండు మూరల పూలు కొనండి. అబ్బాయి దగ్గర్నుంచి ఫోను వచ్చిందేమో కూడా అడగండి.