విడిపోబోయే ముందు

తెలుగులో పాలూ విరుగుతాయి, మనసూ విరుగుతుంది. రెండింటికీ ఒకటే మాట. మనసు సంగతి ఏమో కానీ, పాలు ఎందుకు విరుగుతాయో చెప్పొచ్చు. పాలల్లో కేసీన్ అనే ప్రొటీన్ చిన్న చిన్న ఉండలుగా తేలుతూ ఉంటుంది. ఒక్కో ఉండ మిల్లీమీటర్లో దాదాపు పదివేలో వంతు. వాటి మధ్య ఒకదాన్నొకటి లాక్కునే ఆకర్షణ ఎప్పుడూ ఉంటుంది. పైనున్న విద్యుదావేశమూ, నూగులా పొడుచుకొచ్చిన పోగులూ వాటిని ఎడంగా ఉంచుతాయి. నిమ్మరసం పిండామా, ఆ కాపలా పోతుంది. ఉండలు అతుక్కుపోతాయి. తర్వాత ఎంత తిప్పినా అవి మళ్ళీ పాలు కావు.

ద్రవంలో తేలే రేణువుల మధ్య ఈ లాగుడూ తోపుడూ లెక్కని సవ్యంగా రాసిన నలుగురిలో ఇద్దరు డచ్చివాళ్ళు, వెర్వే, ఓవర్‌బీక్. ఐంథోవెన్‌లోని ఫిలిప్స్ లేబొరేటరీలో పనిచేసేవాళ్ళు. బల్బులూ రేడియోలూ చేసే కంపెనీకి ఈ గొడవెందుకంటే, సన్నటి పొడులు కలిపిన ద్రవాలతో వాళ్ళకి రోజూ పని. ప్రయోగాల్లో ఒక తేడా కనిపించింది. రేణువులు దూరంగా ఉన్నప్పుడు ఆకర్షణ సిద్ధాంతం చెప్పినదానికన్నా త్వరగా సన్నగిల్లుతోంది. కాంతి వేగానికి హద్దుంది కదా, ఒకదాని కబురు ఇంకోదానికి ఆలస్యంగా అందుతోందేమోనని ఓవర్‌బీక్ అనుమానించాడు. అక్కడే పనిచేసే హెండ్రిక్ కాసిమిర్ ఆ అనుమానం నిజమేనని లెక్కకట్టాడు. అదే దారిలో ఇంకాస్త ముందుకెళ్ళి, 1948లో విచిత్రమైన మాట ఒకటి చెప్పాడు. శూన్యంలో, ఏ ఆవేశమూ లేని రెండు లోహపు పలకల్ని దగ్గరగా పెడితే అవి ఆకర్షించుకుంటాయి. శూన్యం నిజంగా నిశ్చలంగా ఉండదు, అందులో అలజడి ఉంటుంది. పలకల మధ్య ఇరుకులో ఆ అలజడికి చోటు చాలదు.

నాకు ఇందులో నచ్చింది ఇదే. బలం పలకల్లో లేదు, వాటి మధ్య ఉన్నదానిలో ఉంది.

1978లో మైకేల్ ఫిషర్, పియరె-జిల్ ద జెన్ ఈ ఆలోచనని శూన్యంలోంచి ద్రవంలోకి తెచ్చారు. నీళ్ళూ లుటిడిన్ అనే ద్రవమూ కలిపిన మిశ్రమాన్ని తీసుకోండి. మామూలు గది వేడిలో రెండూ చక్కగా కలిసే ఉంటాయి. వేడి చేస్తే, సరైన పాళ్ళలో ఉంటే, సుమారు 34 డిగ్రీల దగ్గర విడిపోతాయి. వేడిచేస్తే బాగా కలవాలి కదా అనుకుంటాం. ఇక్కడ తిరగబడుతుంది. అయితే అసలు కథ విడిపోయాక కాదు, విడిపోబోయే ముందు. ఆ కాస్త ఉష్ణోగ్రతలో ద్రవం తేల్చుకోలేకపోతూ ఉంటుంది. ఇక్కడ కాసేపు నీళ్ళెక్కువ, అక్కడ కాసేపు లుటిడినెక్కువ. ఆ మరకలు పెరుగుతూ కరుగుతూ ఉంటాయి. క్రిటికల్ పాయింట్‌కి దగ్గరయ్యే కొద్దీ వాటి సైజు పెరుగుతుంది. ఆ ద్రవంలో రెండు రేణువులుంటే, అంతవరకూ లేని బలం ఒకటి వాటి మధ్య పుడుతుంది.

దీన్ని నేరుగా కొలిచింది 2008లో, జర్మనీలోని ష్టుట్‌గార్ట్‌లో. గాజు పలక మీద, ఈ మిశ్రమంలో, కొన్ని మైక్రాన్ల ప్లాస్టిక్ గోళీ. ఒక న్యూటన్‌ని లక్ష కోట్ల ముక్కలు చేస్తే, ఆ బలం అందులో ఒక ముక్కకన్నా తక్కువే. గోళీకీ గాజుకీ ఒకే ద్రవం ఇష్టమైతే అవి దగ్గరికొచ్చాయి. ఒకదానికి నీళ్ళూ ఇంకోదానికి లుటిడినూ ఇష్టమైతే దూరంగా తోసుకున్నాయి. గోళీ మారలేదు, గాజు మారలేదు. పైగా ఇది పాల విరుగుడు లాంటిది కాదు. వేడి కాస్త తగ్గిస్తే చాలు, ఆ బలం మాయమవుతుంది.

2010 మొదట్లో హైదరాబాదులో మా ఎమ్మెస్సీ సెమినార్‌కి నేనూ నా రూమ్మేటూ ఈ పేపరే తీసుకున్నాం. వాడిది కరీంనగర్ దగ్గర, నాది తెనాలి దగ్గర. 2009 డిసెంబర్ 9 రాత్రి తెలంగాణ ఏర్పాటు ప్రక్రియ మొదలవుతుందని కేంద్రం ప్రకటించింది. 23న ఇంకా సంప్రదింపులు కావాలంది. అటా ఇటా అన్నది తేలని ఆ నెలల్లో హాస్టల్ మెస్సులో బల్లలు వేరయ్యాయి. ఎవరూ ఎవరితోనూ పోట్లాడలేదు. ప్లేటు పట్టుకుని నిలబడితే కాళ్ళు వాటంతటవే ఒకవైపు వెళ్ళేవి. ‘మీవాళ్ళు’ అన్న మాట మా గదిలోకి ఎప్పుడొచ్చిందో తెలీదు. స్లైడ్లు మాత్రం కలిసే చేసుకున్నాం, ఒకే లాప్‌టాప్ మీద, పెద్దగా మాట్లాడుకోకుండా. ద్రవం గురించిన స్లైడ్లు నావి, ప్రయోగం గురించినవి వాడివి.

2014 జూన్ 2 వచ్చింది, వెళ్ళింది. ఇప్పుడు వాడూ నేనూ నెలకోసారైనా మాట్లాడుకుంటాం. అప్పటి బిగువు మామధ్య ఎక్కడా కనబడదు. అందుకే నాకు ఈ పోలిక ఇష్టం. మాలో ఏమీ మారలేదు, మధ్యనున్న ద్రవం వేడెక్కింది, చల్లారింది.

ఇంతవరకూ రాసి వాడికి పంపించాను. సాయంత్రం ఫోన్ చేశాడు.

“మంచిగ రాసినవ్ గానీ, టెంపరేచర్ అంటవేందిరా? నీకది వేడి. మాకది నీళ్ళు, కొలువులు. ఎవడో బయటినుంచి పొయ్యి ముట్టిస్తే వచ్చింది కాదది.”

ప్రయోగంలో వేడి పెంచే చెయ్యి బయటే ఉంటుంది, గోళీకి గతం ఉండదు, అడగాల్సినవీ ఉండవు అన్నాను. మరి పోలిక ఎట్ల సరిపోయిందన్నాడు. మెస్సులో బల్లల వరకూ సరిపోయిందన్నాను. దానికి వాడు ఒప్పుకున్నాడు. మిగతాదానికి ఒప్పుకోలేదు, నేనూ పట్టు వదల్లేదు. గంటన్నర అయింది. ఆఖరికి, నీ పేరా నువ్వు ఉంచుకో, నా మాట కూడా పెట్టు అన్నాడు.

పెట్టాను.