పదుమూడవయేట ఆగిన ఆట

ఆటలను గూర్చి మనము వ్రాసికొనుట అరుదు. వ్రాసినను, ఆరోగ్యమునకు వ్యాయామ మెంత యవసరమో చెప్పి ముగించుచుందుము. నేడు నేను వ్రాయబూనినది వ్యాయామమును గూర్చి కాదు. ఆటయే వృత్తిగా జీవించిన యొక స్త్రీని గూర్చి. ఆమె పేరు ఎరిన్ ఫిలిప్స్. 1985వ సంవత్సరమున జన్మించి, దక్షిణ ఆస్ట్రేలియా రాష్ట్రమునకు ముఖ్యపట్టణమగు అడిలైడులో పెరిగినది.

ఆమె ఆడిన ఆట మనకు తెలిసిన ఫుట్‌బాలు కాదు. ఆస్ట్రేలియావారు దీనికి 1859లో మెల్బోర్ను నగరమున వేరుగా నియమములు వ్రాసికొనిరి. మైదానము కోడిగ్రుడ్డు ఆకారమున నుండును, బంతియు నట్టిదే. బంతిని చేతితో పట్టవచ్చును, కాలితో తన్నవచ్చును, కాని విసరరాదు. ఒక చేత నుంచుకొని రెండవ చేతి పిడికిలితో గ్రుద్ది తోడివారి కందింపవలెను. ఇరుకొనల నాలుగేసి స్తంభములు; నడిమి రెంటి మధ్యగా తన్నిన ఆరు పాయింట్లు, ప్రక్క సందులలో పోయిన ఒక్కటి. పురుషుల ఆటలో ప్రక్కకు పదునెనమండుగురు, స్త్రీల ఆటలో పదునారుగురు మైదానమున నుందురు.

వీరిలో మిడ్‌ఫీల్డరు అనబడు నడిమి ఆటకత్తెకు తనదను చోటు లేదు. అంపైరు నడిమైదానమున బంతిని పైకి లేపగానే పొడుగరు లిరువు రెగిరి దానిని క్రిందికి తట్టుదురు. అది ఎక్కడ పడునో ముందే యూహించి, పదిమంది త్రోపులాటలో దాని నందుకొని, తల యెత్తకమునుపే తనవా రెవరెక్కడ నున్నారో యెఱిగి పంపవలెను. పంపినపిదప నిలువరాదు, బంతి యెటు పోయిన నటు పరుగెత్తవలెను. పెండ్లివారింట బంతిభోజనముల వేళ, ఏ విస్తరిలో నేమి తక్కువయో తల త్రిప్పకయే కనిపెట్టి వడ్డనవారిని నడపు పెద్దముత్తైదువను మీరు చూచియే యుందురు. ఆ నేర్పునకు గుండెబలము, కాలిబలము తోడైనచో మిడ్‌ఫీల్డ రగును.

ఎరిన్ తండ్రి గ్రెగ్ ఫిలిప్స్ పోర్టు అడిలైడు క్లబ్బున పేరుమోసిన ఆటగాడు. ఆ క్లబ్బు తరఫున మూడువందలకు పైగా ఆటలాడి, ఎనిమిది మారులు కప్పు గెలిచిన జట్టులో నుండెను. ముగ్గురు కుమార్తెలలో కడగొట్టుది ఎరిన్. తండ్రి వెంట మైదానములు తిరిగి, మగపిల్లలతో సమానముగా ఆడి, వారిని మించుచు వచ్చినది. ఆమెకు పదుమూడేండ్లు రాగానే, ఆడుపిల్ల ఇకమీదట మగపిల్లల జట్టులో ఆడరాదని చెప్పిరి. అది నియమము. ఆడుపిల్లలకు వేరుగా నామె చేరదగిన జట్టు లేదు. మన యిండ్లలో పదుమూడేండ్ల పిల్లకు ఆట మాన్పుటకు వ్రాతపూర్వకమైన నియమ మక్కరలేదు. పెద్దల చూపొక్కటి చాలును. అంతియే భేదము.

ఆ దేశపు స్త్రీలు ఫుట్‌బాలు ఆడనే లేదని చెప్పరాదు. 1981లో విక్టోరియా రాష్ట్రమున స్త్రీలు తమకు తామే యొక లీగు నేర్పరచుకొనిరి. కాని అది జీతమిచ్చి పోషించు వృత్తి కాదు. తండ్రి నడచిన దారి కూతునకు కనుచూపు మేరలో నుండియు, కాలు మోపుటకు వీలులేనిదైనది.

ఎరిన్ బాస్కెట్‌బాలునకు మఱలినది. ఈ మార్పు నామె జీవితచరిత్ర వ్రాయువా రొక వాక్యముతో దాటివేయుదురు. నా కిచ్చటనే నిలువ బుద్ధి పుట్టుచున్నది. ఇష్టమైన పనిని విడిచి చేయనిచ్చిన పనిని చేపట్టి, దానిలో ప్రపంచ ప్రఖ్యాతి గాంచుట సామాన్యమా? 2006లో ప్రపంచ విజేతయైన ఆస్ట్రేలియా జట్టులో నామె యున్నది. 2008లో బీజింగు ఒలింపిక్కులలో వెండి పతకము పొందినది. అమెరికా స్త్రీల లీగులో చేరి, 2012లో ఇండియానా జట్టుతోను, 2014లో ఫీనిక్సు జట్టుతోను విజేతయైనది. ఆ ఆటలో నామెది గార్డు స్థానము. బంతిని ముందుకు నడపుట, ఇరుకులో చేతులు వేగముగా కదపుట, తోడివారి జాడ కనిపెట్టుట దాని పని. ఫుట్‌బాలున మిడ్‌ఫీల్డరునకు కావలసినది యిదియే గదా! తనకు మూయబడిన ఆటకు వలసిన విద్యను మఱియొక ఆటలో, తా నెఱుగకయే, అభ్యసించుచు వచ్చినది.

2017 ఫిబ్రవరిలో ఆస్ట్రేలియాలో స్త్రీల జాతీయ లీగు ఎనిమిది జట్లతో ప్రారంభమయ్యెను. మెల్బోర్నులో జరిగిన మొదటి ఆటకు 24,568 మంది వచ్చిరి. చోటు చాలక ద్వారములు మూసి, వచ్చినవారిని త్రిప్పి పంపవలసివచ్చెను. స్త్రీల ఆట నెవరు చూతురని యనువారికి వేరు ప్రత్యుత్తర మక్కరలేదు. జీతముల మాట కూడ చెప్పవలెను. తొలి సంవత్సరమున ఒక్కొక్క జట్టులో ప్రముఖులగు ఇరువురికి 27,000 డాలర్లు, సామాన్యులకు 8,500 డాలర్లు. పెక్కుమంది పగలు ఉద్యోగములు చేసి సాయంకాలములం దభ్యాసమునకు వచ్చుచుండిరి. ఇంతటిని వృత్తి యని పిలుచుటకు నాకు సంకోచము కలుగుచున్నది. అయినను మొదలన్నది ఒకటి కావలెను గదా.

ఎరిన్ అడిలైడు జట్టున చేరినది. అప్పటి కామె వయస్సు ముప్పదియొకటి. ఇంట పసికందులు కవలలు. వారిని 2016 చివర కన్నది ఆమె జీవితసహచరి ట్రేసీ. ఆమెయు బాస్కెట్‌బాలు ఆడినదే, అమెరికా దేశీయురాలు. ఒకే యింట ఇరువురు తల్లులుండుట మనలో కొందరికి వింతగా తోచవచ్చును. నాకు తోచిన వింత వేరు: కవలలున్న యింట రాత్రులు నిద్రయుండునా? అట్టి నెలలలో నామె లీగు ఆటలాడి, మార్చి 25న బ్రిస్బేను జట్టుపై తుదిపోటీలో రెండు గోళ్లు వేసినది. ఆరు పాయింట్ల తేడాతో అడిలైడు గెలిచినది. ఆ దినపు ఉత్తమ క్రీడాకారిణి ఆమెయే. ఆ సంవత్సరపు లీగు ఉత్తమ క్రీడాకారిణియు నామెయే. బహుమాన సభలో పేరు పిలువగానే ట్రేసీని ముద్దిడుకొనిన చిత్రము దేశమంతట ప్రచురితమైనది. ఇట్టి వివాహమును ఆస్ట్రేలియా చట్టము గుర్తించుటకు మఱికొన్ని నెలలు, ఆ యేటి డిసెంబరు దాక, పట్టెను.

2019 మార్చి 31న అడిలైడు ఓవల్ మైదానమున జరిగిన తుదిపోటీ చిత్రమును చూచితిని. వచ్చినవారు 53,034 మంది. ఎదుటిది కార్ల్టను జట్టు. మూడవ భాగమున, ఎవరును గట్టిగా త్రోయకయే, ఎరిన్ ఎడమ మోకాలు మెలిబడి కూలినది. మోకాటిలోపలి బంధకము తెగినది. ఈ గాయము ఇట్టి ఆటలలో పురుషులకంటె స్త్రీలకు హెచ్చుగా తగులునది. నయమగుట కించుమించుగా సంవత్సరము పట్టును. ముప్పదిమూడేండ్ల వయస్సున, ఎంతో యాలస్యముగా దొరకిన ఆటలో, సంవత్సరమనగా నెంత? ఆమె ముఖము చేతులతో కప్పుకొనినది. స్ట్రెచరుపై మోసికొని పోవుచుండగా ఆ వేలాది జనము లేచి నిలిచి చప్పట్లు చరచిరి. ఎదుటి జట్టు స్త్రీలు సైతము దగ్గరకు వచ్చి పలుకరించిరి. అడిలైడు 63 పాయింట్లతో, కార్ల్టను 18 పాయింట్లతో ముగించినవి. ఆట ముగియకుండనే మైదానము విడిచిన యామెకే ఆ దినపు ఉత్తమ క్రీడాకారిణి పతక మిచ్చిరి. ఆ సంవత్సరపు లీగు బహుమానము రెండవ మారు లభించినది.

ఆమెను గూర్చి “ఆలస్యముగా వికసించిన పుష్ప”మని ప్రశంసించుట కలదు. ఆ మాట నాకు రుచింపలేదు. పదుమూడేండ్ల నాడే మగపిల్లలను మించి యాడినదానికి ఆలస్యమేమి? ఆలస్యము లీగుది. ఎరిన్ అదృష్టవశమున బాస్కెట్‌బాలులో నేర్పు, అండగా కుటుంబము కలది. అవి లేక ఆ వయస్సుననే బంతిని విడిచి యింటికి పోయిన బాలిక లెందరో! వారి పేర్లు ఏ లెక్కలలోను లేవు. ఎరిన్ చరిత్ర చదువునప్పుడెల్ల నాకు వారే ముందు జ్ఞాపకము వచ్చుచుందురు.

మోకాలు నయమైనపిదప ఆమె మరల మైదానమున దిగినది. 2021 తుదిపోటీలో అడిలైడు ఓడినది. 2022 ఏప్రిలులో గెలిచినది. అది ఆమెకు మూడవ కప్పు. ఆ యేడే తండ్రి క్లబ్బగు పోర్టు అడిలైడు లీగులో ఆడుటకు స్త్రీల జట్టు నేర్పరచినది. 1870లో స్థాపితమైన ఆ క్లబ్బునకు దానికి 152 సంవత్సరములు పట్టినది. మొదటి నాయకురాలుగా ఎరిన్ ఆ జట్టును మైదానమునకు నడపుకొని వచ్చెను. అప్పటి కామెకు ముప్పదియేడేండ్లు. మఱునటి సంవత్సరము, 2023లో, ఆట విరమించినది.