పరీక్షలో అడిగే ఇల్లు

నర్సింగు పూర్తిచేసిన మా అమ్మాయి పైచదువుకు ఇంగ్లండు వెళ్ళదలచి ఐఇఎల్‌టీఎస్ అనే ఆంగ్ల పరీక్షకు సిద్ధమవుతున్నది. అందులో సంభాషణ పరీక్ష పద్నాలుగు నిమిషాలకు మించదు. నడుమ ఒక చీటీ చేతికిస్తారు. ఒక నిమిషం ఆలోచించుకొని, ఆపైన రెండు నిమిషాల దాకా ఆగకుండా మాట్లాడాలి. 'మీరు కోరుకునే ఆదర్శ గృహాన్ని వర్ణించండి' అనే ప్రశ్నను శిక్షణలో తరచూ అభ్యాసం చేయిస్తారట.

ఇషా నమాజు తర్వాత మా ఇంటి నడవలో నేనే పరీక్షకుణ్ణయ్యాను. నాకు అరబీ, ఉర్దూ వచ్చునేగాని ఇంగ్లీషు అంతంతమాత్రం. గడియారం పట్టుకొని కూర్చోవడమే నా పని. అమ్మాయి సముద్రతీర భవనం, ఈతకొలను అంటూ మొదలుపెట్టి నలభై సెకన్లకే ఆగిపోయింది.

"అబ్బా, నేను సముద్రం చూసిందే లేదు. ఇట్లా చెబితే అబద్ధం కాదా?"

పరీక్షలో భాషను తూచుతారేగాని ఇంటిని తూచరని ఆమెకూ తెలుసు. కోరిక అబద్ధం కాదన్నాను. అయినా మనది కాని కోరికను మనదని చెప్పడం నాకూ రుచించలేదు. "చూసిన ఇల్లే చెప్పు బేటీ" అన్నాను.

మాది కర్నూలు పాతబస్తీలో, కొండారెడ్డి బురుజుకు నడిచిపోయేంత దూరంలో ఉన్న మిద్దె ఇల్లు. రాతిగోడలు, దూలాలపై దంతెలు, పైన చౌడుమన్ను, నేలకు బేతంచర్ల బండలు. నడిమింటికి వెలుగు గవాచి నుండే వస్తుంది. జుహర్ వేళ ఆ వెలుగు మా అమ్మ జానిమాజ్ మీద పడేది. ఎండాకాలంలో ఇల్లు చల్లగా ఉంటుంది. అయితే వానలకు ముందు కొత్త చౌడు పోయించకుంటే కారుతుంది. పొగడుతూ ఆ సంగతి దాచలేను.

పొరుగువారికీ మాకూ గోడ ఒకటే. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ పొంగి పాతబస్తీని ముంచినప్పుడు, మా మిద్దె మీదనుండి వారి మిద్దె మీదికి, అక్కడినుండి ఆ పక్కనున్న ఎత్తయిన డాబా మీదికి చేరుకున్నాము. అమ్మాయికి అప్పుడు ఆరేళ్ళు. పొరుగింటి అవ్వ కొంగున కట్టుకొచ్చిన జొన్నరొట్టెను తుంచి, తన మనుమల కంటే ముందు ఈమెకే పెట్టింది. ఎన్నిసార్లు సున్నం కొట్టించినా ఆ నీటిచార నేటికీ గోడ మీద తేలుతూనే ఉన్నది.

అమ్మాయి మళ్ళీ మొదలుపెట్టింది. ఇంగ్లీషు మాటల నడుమ మిద్దె, అవ్వ, దాదీ అన్నవి నాకు అందుతున్నాయి. గవాచికి మాట దొరకక తెలుగులోనే చెప్పి, చెయ్యెత్తి చూపింది.

ఆ ఇంటికి బయానా పుచ్చుకొని నెలయింది. చదువు కోసం వడ్డీ అప్పు తేవద్దని ఇంటిల్లిపాదీ కలిసి చేసుకున్న నిర్ణయమే. అమ్మాయి మాత్రం రెండు రోజులు అన్నం సరిగా తినలేదు. కొన్నవారు మిద్దె దించి కొత్తగా కట్టుకుంటారట.

గడియారంలో రెండు నిమిషాలు ఎప్పుడో దాటాయి.

"టైము అయిపోయిందా అబ్బా?"

"ఇంకా ఉంది, చెప్పు" అన్నాను.